రిమాండు రిపోర్టులో లేని గడి

2025 నవంబర్ 4, బొబ్బిలి

రాయగడ వైపు నుంచి వచ్చే రైల్లో దొరికిన ఇద్దరు కుర్రాళ్ళని ఇవాళ కోర్టుకి తెచ్చారు. సంచిలో గంజాయి కిలోకి లోపే. చట్టం దృష్టిలో కిలో దాకా చిన్న పరిమాణం, ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, తక్కువలో తక్కువ పదేళ్ళు. రిమాండు రిపోర్టు నిండా వివరాలే. తండ్రి పేరు, ఎత్తు, పుట్టుమచ్చలు, పాత కేసులు. ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నావు, మానితే నీకేమవుతుంది అని అడిగే గడి మాత్రం ఎక్కడా లేదు.

ఇద్దరికీ బెయిలు వచ్చింది. వరండాలో ఒక కుర్రాడి తల్లి నన్ను ఆపింది. "బెయిలొచ్చినాదంటే సంతోసమే బాబూ. ఇంటికొచ్చినాక మళ్ళా ఆలతోటే కూకుంతాడు. ఈడికి మందేటైనా ఉంతాదా?" ఇన్నేళ్ళ ప్లీడరీలో ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళు తక్కువ. అందరూ ఎప్పుడు వదిలేస్తారనే అడుగుతారు.

నవంబర్ 6

న్యాయసేవాధికార సంస్థ తరఫున ఒక జైలుకి వెళ్ళాను. అన్నదమ్ముల గొడవలో రిమాండైన తాపీమేస్త్రి ఒకడున్నాడు. రోజూ నాటుసారా పడాల్సిన మనిషి. లోపలికొచ్చి ఇది మూడో రోజు. చొక్కా బొత్తాం పెట్టుకోబోతే వేళ్ళు కుదరట్లేదు. గోడమీద లేని చీమల్ని అరచేత్తో తుడుస్తున్నాడు, తుడిచిన చెయ్యి లుంగీకి రాసుకుంటున్నాడు. నన్ను చూసి "అయ్యగారూ, కాసిన్ని నీళ్ళు కొట్టమనండి, అన్నీ పైకెక్కేస్తన్నాయి" అన్నాడు. పక్కవాళ్ళు నాటకమంటున్నారు.

నాటకం కాదు. ఏళ్ళ తరబడి తాగినవాడికి సారా ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో ఇలా మతి తప్పొచ్చు, ఫిట్స్ రావచ్చు, పట్టించుకోకపోతే ప్రాణమే పోవచ్చు. వైద్యం కొత్తదీ కాదు, ఖరీదైనదీ కాదు. బి1 ఇంజెక్షను, నెమ్మదిగా తగ్గించుకుంటూ పోయే మాత్రలు, పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి. గట్టిగా అడిగితే సాయంత్రానికి ఆసుపత్రికి పంపారు. గంజాయి పట్టుబడితే పేపర్లో ఫొటోలు వేస్తారు. లోపలికొచ్చేవాళ్ళలో సారా మనుషులే ఎక్కువ కనిపిస్తారు నాకు, వాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు. 2019లో ఎయిమ్స్ వైద్యులు బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందని తేలింది.

నవంబర్ 9

ఆదివారం. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) మళ్ళీ తిరగేశాను. సెక్షన్ 39: మత్తుమందు వాడిన నేరానికో, చిన్న పరిమాణం కేసులోనో దోషిగా తేలిన వ్యసనపరుణ్ణి జైలుకి పంపకుండా, అతను ఒప్పుకుంటే, బాండు రాయించుకుని చికిత్సకి పంపొచ్చు. ఏడాది లోపల ఆసుపత్రి నివేదిక కోర్టుకి రావాలి. 64-ఎ ఇంకా ముందడుగు. అలాంటి కేసులోనే ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన చోటో చేరి చికిత్స చేయించుకుంటే అసలు విచారణే ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది.

చట్టంలో ఇంత దారి ఉంది. మేం ప్లీడర్లం ఆ దారిన నడిపించం. ఒప్పేసుకుని జరిమానా కట్టేయమని చెబుతాం, ఆ పూటకి తెమిలిపోతుంది. తర్వాత వాడు మళ్ళీ వస్తాడు.

నవంబర్ 14

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 నుంచి 2003 దాకా జైళ్ళ నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా జనాన్ని పరిశోధకులు గమనిస్తూ వచ్చారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్ళకి చావు ముప్పు మామూలు జనం కంటే 12 రెట్లకి పైనే. కారణాల్లో మొదటిది మత్తుమందు మోతాదు మించిపోవడం. లోపలున్నన్నాళ్ళూ ఒంటికి అలవాటు తప్పుతుంది, బయటికి రాగానే పాత మోతాదే తీసుకుంటారు. గంజాయికి ఈ లెక్క పనికిరాదు. ఇంజెక్షన్లు, మాత్రలు మరిగినవాళ్ళకి అక్షరాలా వర్తిస్తుంది.

డెలావేర్‌ రాష్ట్రంలో చేసిన పరిశోధన ఇంకో సంగతి చెప్పింది. జైల్లో మాత్రమే చికిత్స పొందినవాళ్ళలో ఆ మేలు మూడేళ్ళకి దాదాపు కరిగిపోయింది. విడుదలయ్యాక కూడా చికిత్స సాగినవాళ్ళలో నిలిచింది.

నవంబర్ 17

అయ్యప్ప మాలలు వేసుకునే రోజులు. మా వీధిలో తప్పతాగి పడిపోయే మనిషి ఇవాళ నల్లబట్టలు కట్టి, తెల్లారకుండానే చన్నీళ్ళు పోసుకుని పీఠం దగ్గర కూర్చున్నాడు. నిన్నటిదాకా పేరు పెట్టి తిట్టినవాళ్ళే ఇవాళ "స్వామీ" అంటున్నారు. గురుస్వామి ఉన్నాడు, తోటి స్వాములున్నారు, సాయంత్రం భజన ఉంది, మద్యం కొట్టు ముందు నుంచి వెళ్తే అడ్డుకునేవాళ్ళున్నారు. మాల తీసిన రాత్రే చాలామంది మళ్ళీ మొదలెడతారు. సంకల్పం తక్కువై కాదు. మండల దీక్ష పూర్తయ్యాక పీఠమూ లేదు, తోడూ లేదు. డెలావేర్ వాళ్ళు లెక్కలు కట్టి తేల్చింది మా వీధిలో ఏటా కనబడుతూనే ఉంది. జైలు నుంచి వచ్చినవాణ్ణి అయితే "స్వామీ" అని పిలిచేవాళ్ళు కూడా ఉండరు.

నవంబర్ 21

గంజాయి సమాచారం చెప్పడానికి 1972. రాష్ట్ర పోలీసుల ఈగల్ విభాగం వాళ్ళ నంబరిది. పట్టుకోవాలి, కాదనను. వ్యసనం మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన నంబరు 14446. మా బార్ రూమ్ గోడమీద రెండోది స్కెచ్ పెన్నుతో రాశాను.

నవంబర్ 26

కోర్టు వరండాలో నన్ను ఆపిన తల్లీ, ఆమె కొడుకూ వచ్చారు. విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్దామన్నాను. "పిచ్చాసుపత్రికా!" అని కుర్రాడు లేచి నిలబడ్డాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక బాధల్ని కూడా జబ్బుల్లోనే కలిపిందనీ, జబ్బుకి ఆసుపత్రికి పోవడంలో తలొంపు లేదనీ చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాత్రి నిద్దర్రాదు సార్, దానికేటైనా ఇస్తారా?" అన్నాడు. ఇస్తారన్నాను.

నూరు కిలోమీటర్లు పైనే దూరం. పోయినప్పుడల్లా ఇద్దరి కూలీ పోతుంది. అందుకే 64-ఎ కింద వేసే మెమోలో ఇంకో పేరా చేర్చాను: వాయిదాలు ఆసుపత్రికి వెళ్ళాల్సిన తేదీల మీద పడకుండా వేయమని. మేజిస్ట్రేటుగారు ఒప్పుకుంటారనే నమ్మకం. ఓపీ చీటీ కోర్టులో చూపించాలా, పోలీసులకా అని తల్లి అడిగింది. రెండు చోట్లా అన్నాను. మూడు జిరాక్సులు తీయించి, ఒకటి నా దగ్గర పెట్టమన్నాను.