భుజానికి ఆనిన రబ్బరు

ఆత్మకూరు ప్రాంతపు మెట్టచేలలో వేరుశనగ కాయ ఊరే రోజులలో రైతుకు రాత్రులు నిద్ర ఉండదు. కొండ దిగిన అడవిపందుల మంద తెల్లవారేలోగా చేనంతా త్రవ్విపోతుంది. పంట రక్షణకై మా తాతగారు లైసెన్సు పొందిన ఒంటిగొట్టపు తుపాకి నేడు మా తండ్రిగారి అధీనంలో ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని మన్నించి, వారు దానిని ఆకాశం వైపు ప్రేల్చి మృగాలను బెదరించడానికే వాడుతున్నారు.

గాలిలోకి కాల్చినా భుజానికి దెబ్బ తప్పదు. ఒక వేకువ నమాజులో, తక్బీరుకు ఎత్తిన తండ్రిగారి కుడిచేయి చెవి వరకు రాక మధ్యలోనే ఆగిపోయింది. అడిగితే "చలిరా" అన్నారు. చొక్కా తొలగించి చూస్తే భుజం నల్లగా కమిలి ఉన్నది.

తుపాకి మడమకు రబ్బరు దిండు బిగిస్తే మేలని తెలిసి నెల్లూరులో ఒకటి కొన్నాను. రబ్బరు దెబ్బను మాయం చేయదు. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టేటప్పుడు చేతులు వెనుకకు లాగినట్లు, ఆ తాకిడిని మరికొంత సేపటికి, మరికొంత మేరకు పంచుతుంది. ఇంతవరకు పుస్తకజ్ఞానం. ఆ జ్ఞానంతోనే నేను దిండును మరమేకులతో బిగించి, అంచులను ఆకురాయితో అరగదీశాను. తుపాకి పొడవు పెరిగి భుజానికి కుదరలేదు. పైగా ఆకురాయి జారి తాతగారి నాటి చెక్కపై మూడు గీతలు పడ్డాయి. తండ్రిగారు చూచి ఏమీ అనలేదు. ఆ మౌనమే నాకు శిక్ష అయినది.

గొట్టాన్ని ఇంట్లోనే భద్రపరచి, చెక్కను మాత్రం విడదీసి ఉదయగిరికి తీసుకొని వెళ్ళాను. నర్ది, బిక్కి వంటి కొండచెట్ల కొయ్యతో గరిటెలు, చెంచాలు మలచే అక్కడి కళకు 2015లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పనిలో పండిన ఒక చాచా గీతలను తడిమి, "చదువుకున్న చేయి తొందరపడింది బేటా" అని నవ్వారు.

ఆయన దిండు మందమెంతో కొలిచి, చెక్కను అంతే తగ్గించాలని గీత గీశారు. అంచు పెచ్చులూడకుండ గీత వెంట కాగితపు పట్టీ అంటించి, సన్నపళ్ళ రంపంతో కోశారు. దిండు అడుగున దీపపు మసి పూసి కోసిన ముఖానికి అదిమారు. మసి అంటిన మిట్టలను మాత్రమే గీకి, మరల అదిమారు. ముఖమంతటా మసి సమంగా అంటేవరకు ఇదే పని. పాత రంధ్రాలను కొయ్యచీలలతో పూడ్చి, కొత్తవి తొలిచి, రబ్బరు చిరగకుండ మరమేకులకు సబ్బు రాసి బిగించారు. పిమ్మట చెక్కకు పట్టీ చుట్టి, ఉప్పుకాగితాన్ని చదునైన చెక్కముక్కకు చుట్టి, పైకి పొడుచుకు వచ్చిన రబ్బరును అరగదీయసాగారు. రబ్బరు వేడెక్కి పట్టుకోగానే ఆగేవారు. చివరకు పట్టీ తీసి, గీతలు మాపి, అవిసెనూనె పట్టించారు.

"కళ్ళు మూసుకొని తడుము" అన్నారు. చెక్క ఎక్కడ ముగిసిందో, రబ్బరు ఎక్కడ మొదలైందో నా వ్రేలికి తెలియలేదు. ఇంట ఉర్దూ, తరగతిలో తెలుగు మాట్లాడే నాకు ఆ అతుకు ఎంతో ఆత్మీయంగా తోచింది. రెండింటిలో దేనినీ గాయపరచని కూర్పు ఓర్పు వల్లనే సాధ్యం.

తండ్రిగారు కూడ ఆ అతుకును నిదానంగా తడిమారు. "మీ తాత చూచి ఉంటే బాగుండును" అన్నారు. ఆ రాత్రి రెండుసార్లు తుపాకి ప్రేలింది. వేకువ నమాజులో నేను వారి ప్రక్కనే నిలిచాను. ఆ కుడిచేయి మెల్లగానే లేచినా, చెవి వరకు చేరింది.