బెజవాడ బాట: నడుచువారి కెన్ని నక్షత్రములు?

హైదరాబాదునుండి బెజవాడకు బోవు రాచబాట యించుమించు 270 కిలోమీటర్లు. పూర్వము 9వ నంబరని పేరుపొందిన యీ జాతీయ రహదారి నిప్పుడు 65వ నంబరని వ్యవహరించుచున్నారు. కనకదుర్గమ్మ దర్శనమునకును, పుట్టింటి శుభకార్యములకును, పిల్లల చదువులకును మన యిండ్లవా రెందరో యీ దారినే పోవుచుందురు. పోయివచ్చినవారిని బాట యెట్లున్నదని యడిగిన, "బహు చక్కగా నున్నది, పిల్లలు నిద్రలేవకమునుపే చేరితిమి" అందురు. ఈ మెప్పు బండిలో గూర్చున్నవారిది. గడ్డిమోపుతో బాట దాటవలసిన యామె నెవరును అడుగరు.

మొన్న దుర్గమ్మ దర్శనమునకు బోవుచు మా యక్కగారి కుమారునితో నీ దారిని ప్రయాణము చేసితిని. అతడు రహదారుల యింజనీరు. "పిన్నీ, పిల్లలకు వలెనే బాటలకు గూడ పరీక్ష గలదు, మార్కులు గలవు" అని ఆ విధమంతయు దారి పొడవునను వివరించినాడు.

ఐరాప్ అను అంతర్జాతీయ ధర్మసంస్థ యీ పరీక్షను దేశదేశముల వ్యాపింపజేసినది. మన దేశమున 2010 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్, అస్సాం, గుజరాత్, కర్ణాటక రాష్ట్రములలోని కొన్ని బాటల నిట్లు పరీక్షించిరి. కెమేరాలు గల వాహనమును బాటవెంట నడిపి చిత్రములు తీయుదురు. పిదప ప్రతి నూరు మీటర్లకును బాట వెడల్పెంత, అంచున చెట్టున్నదా స్తంభమున్నదా, వంపెట్టిది, కూడలి యెట్లున్నది, కాలిబాట గలదా, వాహనముల వేగమెంత అని వ్రాసికొందురు. మిక్కిలి ప్రమాదకరమైన బాటకు ఒక నక్షత్రము, మిక్కిలి క్షేమమైనదానికి అయిదు. ఒక్కొక్క నక్షత్రము పెరిగినకొలది ప్రాణభయము సుమారు సగమగునని వారి లెక్క.

ఇందు నాకు మిక్కిలి నచ్చిన దొకటి. ఈ నక్షత్రములు బాట కంతకు నొక్కటిగా వేయరు. కారులో బోవువారికి, మోటారుసైకిలువారికి, సైకిలువారికి, నడుచువారికి వేరువేరుగా వేయుదురు. కనుక ఒకే బాట కారువారికి నాలుగు నక్షత్రములదై, నడుచువారికి ఒక్క నక్షత్రముదే కావచ్చును.

ఈ మాట విన్నపిమ్మట కిటికీలోనుండి నాకు వేరొక బాట కానవచ్చినది. చౌటుప్పలు, చిట్యాల వంటి యూళ్లు దారి కిరుప్రక్కల పెరిగినవి. ఇల్లొకవైపు, బడియో బజారో వేరొకవైపు. నడుమ నున్న డివైడరు ఎదురెదురుగా వచ్చు వాహనములు ఢీకొనకుండ కాపాడును. కారువారి కది రక్ష. కాని చంక బిడ్డతో దాటువారికి అది ఎక్కి దిగవలసిన గోడ. మోటారుసైకిలువాడు మలుపు దూరమని యెదురుదారిని వచ్చుచుండును. చూచినవారు వానిని తిట్టుదురు. తప్పు వానిదే, సందేహము లేదు. అయినను తప్పుచేయని మనుష్యుడు లేడు గదా! తప్పు జరిగినను ప్రాణము మిగులునట్లు బాటను గట్టవలెనన్నదే యీ పరీక్షకు మూలము. వేగము రెట్టింపయిన దెబ్బ నాలుగురెట్లగును. కావున ఊరి నడుమ వేగము తగ్గించుటయే తొలిమందు.

మూసీ దాటి, సూర్యాపేట గడచిన పిమ్మట దురాజుపల్లి వద్ద పెద్దగట్టు గలదు. రెండేండ్ల కొకమారు మాఘమాసమున నిచట లింగమంతులస్వామి జాతర జరుగును. ఆడువారు గంపలు తలనిడికొని నడచివత్తురు. ఆ దినములలో వాహనముల నితర మార్గములకు మరలింతురు. అనగా నడుచువారిని కాపాడవలెనన్న మన కది చేతనగు పనియే. తక్కిన దినములలో కూలికి, పొలమునకు నడుచువారి సంగతి యేమి?

మన ప్రభుత్వపు లెక్కలో "బ్లాక్ స్పాట్" అను మాట గలదు. సుమారు 500 మీటర్ల మేర మూడేండ్లలో మరణమో తీవ్రగాయమో కలిగించిన ప్రమాదములు అయిదు జరిగినను, లేక పదిమంది చనిపోయినను ఆ చోటున కీ పేరు పెట్టుదురు. ఈ బాటపై నట్టి చోట్లు పెక్కు గుర్తింపబడినవి. వానిని బాగుచేయుట మంచిదే. కాని పదవ శవము లేచువరకు తొమ్మిది యిండ్ల దీపము లారవలెనా? నక్షత్రముల పద్ధతి చావులకై వేచియుండదు. కాలిబాట లేదు, దీపము లేదు, దాటుటకు చోటు లేదు, బండ్లు వడిగా వచ్చుచున్నవి అని చూచి, కీడును ముందే చెప్పును.

2022వ సంవత్సరమున మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అందు 32,825 మంది నడుచువారు. కర్ణాటకమున బెళగావి-యరగట్టి బాటను మాదిరి బాటగా నెంచుకొని, కూడళ్లను సరిదిద్ది, కాలిబాటలు, గుర్తులు, ఇనుపకంచెలు వేసి బాగుచేయగా మరణములు సగమునకు పైగా తగ్గినవి. కొత్తబాట లన్నియు 2030 నాటికి మూడు నక్షత్రములకు తగ్గని క్షేమము గలవై యుండవలెనని ఐక్యరాజ్యసమితి సభ్యదేశములు లక్ష్యముగా నిర్ణయించుకొన్నవి.

కోదాడ, జగ్గయ్యపేట, నందిగామ దాటి, కీసరవద్ద మునేటిని గడచి పోవుచుండగా, కొంతసేపటి కింద్రకీలాద్రి కానవచ్చినది. దారి పొడవునను బస్సు దిగినవారు అవతలికి పోవుటకై వాహనముల సందుకొరకు కనిపెట్టుకొని యుండుటయే చూచితిని. వారిలో సగముమంది స్త్రీలు, పిల్లలు.

సోదరీమణులారా! మీ యూరి మీదుగా బాట వెడల్పుచేయ వచ్చినపుడు గ్రామసభలో మీరును అడుగుడు. బస్సు నిలుచుచోటికి దగ్గరగా దాటుదారి యున్నదా? నడుమ నిలువ నీడయు, రాత్రి దీపమును గలవా? అండర్‌పాసులో వాన నీరు నిలువకుండునా? నడుచువారి కెన్ని నక్షత్రములు వచ్చినవి? ఈ ప్రశ్నలడుగుటకు యింజనీరు చదువు అక్కరలేదు. దినమును ఆ బాట దాటువారే దాని నెరిగినవారు.