ఏడుకొండల దారిలో ఏం మోయాలి?



ధనుర్మాసం సమీపిస్తున్నది. మా మదనపల్లె చుట్టుపక్కల ఊళ్ళ నుండి తిరుమలకు కాలినడకన వెళ్ళేవారు జట్లుగా కూడుతున్నారు. అటువంటి జట్టు ఒకటి మొన్న మా ఇంటికి వచ్చి, "డాక్టరుగారూ, దారిలోకి ఏయే మందులు తీసుకొని పోవాలి? సంచి బరువు కాకుండా చెప్పండి" అని అడిగింది. వారికి సమాధానం చెప్పాను. అయితే ఇదే ప్రశ్నకు ఒకప్పుడు నేనిచ్చిన తప్పు సమాధానం గురించి కూడా మీకు చెప్పవలసి ఉన్నది.

అది నేను పదవీ విరమణ చేసిన సంవత్సరం. పుంగనూరులో ఉండే మా అక్కగారి భర్త ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇద్దరం కలిసి మదనపల్లె నుండి నడిచి వెళ్దామని నిశ్చయించుకున్నాం. వాల్మీకిపురం, కలికిరి, పీలేరు, భాకరాపేట, అక్కడి నుండి కనుమ దిగి రంగంపేట, శ్రీనివాసమంగాపురం, ఆపైన శ్రీవారి మెట్టు. వంద కిలోమీటర్లకు పైబడిన దారి. నాలుగు రోజులని అంచనా.

అభ్యాసం కోసం నేను ముందుగా హార్స్లీ హిల్స్ ఎక్కాను. ఏనుగు మల్లమ్మ కొండ అనే చక్కని పేరుండగా, అక్కడ బంగళా కట్టుకున్న కడప కలెక్టరు పేరే ఆ కొండకు స్థిరపడిపోయింది. అది వేరే విషయం. 4,000 అడుగులకు మించిన ఎత్తు. సగం దారిలోనే నా మోకాళ్ళు మొరాయించాయి. ఇంటికి వచ్చి, వీధి చివరి అంగడిలో సంచిని తూకం వేయించాను. పదకొండు కిలోలు! నా శరీర బరువు అరవై రెండు. మోసే బరువు శరీర బరువులో పదో వంతుకు మించకుంటే మంచిదని ఎందరికో చెప్పిన వాణ్ణి నేనే. సంచిలో ఏముందని అడుగుతారా? నాలుగు జతల బట్టలు, మందపాటి దుప్పటి, రెండు పుస్తకాలు, వీటికి తోడు ముప్ఫై ఏళ్ళు నా బల్లమీద ఉన్న పాదరసపు బి.పి. పరికరం. దారిలో ఎవరికి రక్తపోటు చూద్దామనుకున్నానో నాకే తెలియదు. అధికారం పోయినా అలవాటు పోలేదన్నమాట. అన్నీ తీసివేస్తే నాలుగున్నర కిలోలకు దిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కొత్తగా జ్ఞానోదయమైన వానికి ఊరంతటినీ ఉద్ధరించాలనిపిస్తుంది. పుంగనూరు వెళ్ళి బావగారి సంచి కూడా విప్పించాను. ఆయనకు పదేళ్ళుగా మధుమేహం. గ్లైమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారు. సంచిలో మా అక్క బెల్లం పొట్లం, రెండు బిస్కెట్ ప్యాకెట్లు, చక్కెర పరీక్ష చేసుకొనే చిన్న యంత్రం పెట్టింది. "షుగరు మనిషికి బెల్లమెందుకక్కా? దారి పొడవునా హోటళ్ళే. నాలుగు రోజులకు ఈ మిషనెందుకు?" అని మూడింటినీ బయట పెట్టించాను. "డాక్టరువు నీవే చెప్పిన తర్వాత ఇంక మాకేం తెలుసు నాయనా" అన్నది మా అక్క. మాత్రల మోతాదు తగ్గించాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

మొదటి రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడవనాడు చీకటితోనే భాకరాపేట నుండి బయలుదేరాం. టిఫిన్ అంగళ్ళు ఇంకా తెరవలేదు. బావగారు అలవాటు ప్రకారం ఉదయపు మాత్రలు వేసుకున్నారు. కనుమలో కొంత దూరం నడిచాక, ఎన్నడూ పల్లెత్తు మాట అనని మనిషి తోటి యాత్రికుణ్ణి అకారణంగా కసురుకున్నారు. అడుగులు తడబడ్డాయి. ఆ చలిలో చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. దారిన పోయేవారు ఒకరు తాగినాడన్నారు, ఒకరు పైత్యమన్నారు.

నాకు తెలుసు అది ఏమిటో. మాత్ర రక్తంలో చక్కెరను దించుతున్నది, రెండు రోజులుగా నడుస్తున్న కండరాలు దాన్ని లాగేసుకుంటున్నాయి, కడుపులో ఆహారం లేదు. వైద్య కళాశాలలో రెండో మాట లేకుండా చెప్పగలిగిన విషయం. నా సంచి తెరిచాను. నొప్పి మాత్రలు, దూది, గాజుగుడ్డ, పూత మందు. తీపి అన్నది చిటికెడు లేదు. రోడ్డుకు రెండు వైపులా అడవి.

వెనుక నుండి ఒక అవ్వ వచ్చింది. చంకలో గుడ్డమూట, చేతిలో చెంబు, అంతే ఆమె సామాను. "ఏం నాయనా, ఈ సామి పొద్దున్నించి ఏమన్నా తిన్నాడా లేదా?" అని అడుగుతూనే మూట విప్పింది. ఒక చీర, బొరుగులు, పప్పులు, గుడ్డముక్కలో చుట్టిన అచ్చు బెల్లం. బావగారికి ఇంకా మింగే స్పృహ ఉన్నది కాబట్టి బెల్లం కొట్టి కొద్దికొద్దిగా నోట్లో పెట్టాను. స్పృహ తప్పి ఉంటే నోటిలో ఏదీ వేయరాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంటకు ఆయన నన్ను గుర్తుపట్టి, "ఎక్కడున్నాం?" అన్నారు. బొరుగులు తినిపించాం. అవ్వ మిగిలిన బెల్లం కూడా నా చేతిలో పెట్టి తన దారిన తాను వెళ్ళిపోయింది. నేను డాక్టరునని ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది, చక్కెర మళ్ళీ పడిపోవచ్చు. అందువల్ల జీపు ఆపి తిరుపతికి చేర్చి ఒక రోజు ఆసుపత్రిలో ఉంచాం. కొండకు బస్సులో వెళ్ళాం. ఈ సంగతి ఆయన నేటి వరకు మా అక్కకు చెప్పలేదు. నేనే రెండేళ్ళ తరువాత చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, కాఫీ తెచ్చి ఇచ్చింది.

కుప్పం వైపు పనిచేసిన రోజుల్లో అయ్యప్ప దీక్షాపరుల ఇరుముడి చూసేవాణ్ణి. ముందు అర దేవునికి, వెనుక అర దారి బత్తెానికి. అవ్వ మూట కూడా అటువంటిదే. ఏది తీయవచ్చో, ఏది తీయరాదో తరతరాలుగా నడిచినవారికి తెలుసు.

ఇక మీ సంచి సంగతి. అన్నిటికన్న బరువైనది నీరే, లీటరుకు కిలో. ఊళ్ళు వరుసగా తగిలే చోట ఒక లీటరు చాలు, కనుమ దారికి మాత్రం రెండు ఉండాలి. నూలు బట్టలు చెమటకు తడిస్తే త్వరగా ఆరవు. ఒంటిమీద ఒక జత, సంచిలో తేలికపాటిది ఒక జత, తుండుగుడ్డ ఒకటి. మేజోళ్ళు మాత్రం మూడు జతలు పెట్టుకోండి, తడి మేజోడే పొక్కులకు మూలం. కొత్త చెప్పులతో బయలుదేరవద్దు. మధుమేహం ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉండవచ్చు. పొక్కు లేచినా తెలియదు, అది పుండై వేలు తీయవలసి వచ్చిన వారిని నేను చూశాను. కాబట్టి వారు ఎండకు కాగిన తారు రోడ్డుమీద ఉత్తకాళ్ళతో నడవరాదు. ప్రతి రాత్రీ అరికాళ్ళు చూసుకోవాలి. కంటికి ఆనకపోతే పక్కవారిని చూడమనండి, ఇందులో సిగ్గుపడవలసినది లేదు.

ఓ.ఆర్.ఎస్. పొట్లం 20.5 గ్రాములు, లీటరు నీటికి ఒకటి. అందులో గ్లూకోజు 13.5 గ్రాములే, అదీ లీటరంతా తాగితేనే. కావున చక్కెర పడిపోయినప్పుడు అది చాలదు. అప్పుడు కావలసినది 15 గ్రాముల చక్కెర, అనగా మూడు టీ చెంచాలు, వెంటనే. పావుగంటకు తేరుకోకపోతే మళ్ళీ అంతే. తేరుకున్నాక భోజనం చేయాలి. ఆ పొట్లం సంచి అడుగున కాదు, చొక్కా జేబులో ఉండాలి. పక్కన నడిచేవారికి ఎక్కడున్నదో తెలియాలి.

అలిపిరిలోనూ, శ్రీవారి మెట్టు వద్దనూ దేవస్థానం వారు నడిచి వెళ్ళేవారి సామాను ఉచితంగా పైకి చేరుస్తారు. సంతోషంగా ఇవ్వండి. మందులు, ఇన్సులిన్, తీపి పొట్లం మాత్రం అందులో వేయవద్దు. మెట్ల మీద ఉన్నప్పుడే వాటి అవసరం.

మధుమేహానికి, రక్తపోటుకు మందులు వాడేవారు బయలుదేరడానికి పది రోజుల ముందే మీ వైద్యుని కలిసి, నడిచే రోజుల్లో మోతాదు ఎంత ఉండాలో అడిగి వ్రాయించుకోండి. మీ అంతట మీరు తగ్గించవద్దు, మానవద్దు. మా ఊరివారైతే సంచి కూడా వెంట తీసుకొని రండి. తూచి మాత్రం చూస్తాను. అందులో నుండి ఏదైనా తీసే ముందు, అది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడుగుతాను.