వేపచెట్టు కింద బ్రేకు పని

వరంగల్ నుంచి ఖమ్మం దారిలో సుమారు 50 కిలోమీటర్లు వచ్చాక బస్సు మెల్లగా వేగం తగ్గించుకుంటుంది. ఆటోల హారన్లు, విత్తనాల దుకాణాల బోర్డులు, మిర్చిబజ్జీల బండ్లు... తొర్రూరు వచ్చేసిందన్నమాట!

దార్లు కలిసే ఊరిది. ఒకటి వరంగల్‌కు, ఇంకోటి మరిపెడ మీదుగా ఖమ్మానికి, మరోటి నెల్లికుదురు మీదుగా మహబూబాబాద్‌కు, నాలుగోది పాలకుర్తి మీదుగా జనగామకు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా వరంగల్ జిల్లాలో ఉన్న తొర్రూరు, అప్పట్నుంచీ మహబూబాబాద్ జిల్లాకు మారింది. 2018లో మున్సిపాలిటీ అయింది. ఆర్టీసీ డిపో సరేసరి. ఇన్ని దార్లు కలిసేచోట చక్రాలకు కొదవేముంటుంది? చక్రాలున్న చోట వాటిని ఆపే పని కూడా ఉండాలిగా!

వడ్లే స్పీడు బ్రేకర్లు

ఇక్కడ కొండలూ ఘాట్‌రోడ్లూ లేవు. అయినా బ్రేకులు తొందరగానే అరిగిపోతాయి. ఎందుకంటారా? యాసంగి కోతలయ్యాక రోడ్డుకు ఓ పక్కంతా వడ్లు ఆరబోస్తారు. కుప్పలు తొక్కకుండా రాళ్లు పేరుస్తారు. రెండు బండ్లు పట్టే రోడ్డు ఒక్క బండికి కుదించుకుపోతుంది. పొద్దుగూకే వేళ బర్రెలు ఇంటిదారి పడతాయి. ఊరూరికీ స్పీడు బ్రేకర్లు. పత్తి బోరాల ట్రాక్టరు వెనక లైటు లేకుండా నడుస్తుంటుంది. ఇలాంటి దార్లో పది కిలోమీటర్లు పోతే బ్రేకు మీద కాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టలేం.

ఒకప్పుడు ఊళ్లో కారంటే దొరగారిదో డాక్టరుగారిదో. ఇప్పుడలా కాదు. చిట్టీ ఎత్తి, పంట డబ్బులు కలిపి, సెకండ్‌హ్యాండ్‌లో చిన్నకారు కొనుక్కుంటున్న ఇళ్లెన్నో. ఐనవోలు మల్లన్నకు, కురవి వీరన్నకు, రెండేళ్లకోసారి మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ అందులోనే. కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు! సిటీలో సర్వీసింగుకిస్తే వచ్చే బిల్లులో సామానుకెంత, కూలీకెంత అని చూసుకున్న కుర్రాళ్లకు సహజంగానే ఓ ఆలోచన వస్తుంది... ‘ఈ నాలుగు బోల్టులు మనమే విప్పుకుంటే పోలే?’

అలా మొదలవుతుంది ఆదివారం పని. వేపచెట్టు నీడ, పాత గోనెసంచి, ఒక జాకీ, వీల్‌పానా, డబ్బాలో కొత్త బ్రేకు ప్యాడ్లు. చుట్టూ పిల్లలు. అరుగు మీద అమ్మ. ‘‘పైసలు మిగుల్తయని పానం మీదికి తెచ్చుకోకు కొడుకా’’ అని ఆమె అనకుండా ఉండదు. ఆ మాట తీసిపారేసేది కాదు. ఇంజను చెడితే బండి ఆగిపోతుంది. బ్రేకు చెడితే ఆగదు!

చెప్పుల నుంచి ప్యాడ్ల దాకా

ఎడ్లబండికి బ్రేకు ఎడ్లే. పగ్గం లాగితే ఆగుతాయి. ఏటవాలులో మాత్రం బరువంతా వాటి మెడల మీదికే వచ్చి పడుతుంది. ఇంగ్లండులోని డెర్బీషైర్ కొండల్లో గుర్రపుబండ్లవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. చక్రానికీ కొయ్య దిమ్మెకూ మధ్య పాత బూటు ఇరికించేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో బ్రేకులకు పట్టునిచ్చే లైనింగుల తయారీ మొదలుపెట్టాడు. తన ఇంటిపేరు అక్షరాలకు భార్య ఎలిజబెత్ పేరులోని మొదటి అక్షరాన్ని కలిపి, తారుమారు చేసి పెట్టిన పేరే ‘ఫెరోడో’. చక్రాన్ని పట్టి ఆపే పలక అరగాలి, చక్రం మాత్రం బాగుండాలి... అప్పటికీ ఇప్పటికీ సూత్రం అదే.

మన చిన్నకార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకొచ్చి ప్యాడ్లను డిస్కుకు అదిమిపెడుతుంది. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ముందు ప్యాడ్లే త్వరగా అరుగుతాయి. కొత్త ప్యాడు మందం సుమారు 10 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం వచ్చినట్టే. కొన్ని ప్యాడ్లకు ఓ చిన్న రేకు ఉంటుంది. అరుగుదల హద్దు దాటగానే అది డిస్కుకు రాసుకుని ‘కీచు’మంటుంది. ఆ కీచు విని రేడియో సౌండు పెంచేవాళ్లూ ఉన్నారు!

విప్పడం తేలికే... బిగించడమే!

చేయి తిరిగినవాళ్లు పాటించే వరస చూడండి. బండిని చదునైన గట్టినేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెడతారు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేస్తారు. ఆ తర్వాతే జాకీ. జాకీని మాత్రం నమ్మరు. కింద ఇనుప స్టాండు పెట్టాకే చేయి లోపలికి పోనిస్తారు. ఇటుకలు పేర్చడం మహా ప్రమాదం... బరువుకి చిట్లిపోతాయి. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందకి నెడితే మరో ధైర్యం.

క్యాలిపర్ కింది బోల్టు తీసి పైకి లేపితే ప్యాడ్లు బయటికొస్తాయి. క్యాలిపర్ మొత్తం ఊడదీయాల్సి వస్తే తీగతో పైన కట్టాలి. రబ్బరు పైపుకు వేలాడదీస్తే పైపు లోపల దెబ్బతింటుంది. డిస్కు మందం కూడా చూడాలి. దాని కనీస మందం సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. కొత్త ప్యాడ్లు మందం కాబట్టి పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. అప్పుడు పైన డబ్బాలో ఆయిల్ పొంగి రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది. లోపలి దుమ్మును నోటితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు.

ఒక పక్క పూర్తిగా బిగించాకే రెండో పక్క విప్పడం ఇంకో కిటుకు. ఏది ఎటు పెట్టాలో మరిచిపోతే రెండో పక్క చూసి తెలుసుకోవచ్చు. అలాగని ఒక్క పక్కే మార్చి ఊరుకోకూడదు. బ్రేకు వేసినప్పుడు బండి ఓ పక్కకు లాగేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది చివర్లో ఉంది. పిస్టన్ వెనక్కి పోయి ఉంది కదా! మొదటిసారి పెడల్ తొక్కితే సర్రున కిందికి దిగిపోతుంది. బ్రేకు పడదు. అందుకే బండి కదలకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి. ఈ ఒక్కటి మరిచి రివర్సు గేరేసినవాళ్ల బండ్లను ప్రహరీగోడలే ఆపాయి. తర్వాత ఖాళీ రోడ్డు మీద మెల్లగా పదిసార్లు వేగం తగ్గిస్తూ పెంచుతూ పోతే ప్యాడ్లు డిస్కుకు కుదురుకుంటాయి.

మిగిలిందెంత?

పక్కవీధి లారీ మెకానిక్ ఈ పనంతా నిలబడి చూస్తాడు. పానా అందుకోడు. ‘‘తమ్మీ, నట్లు ఎదురెదురు బిగించినవా, వరుసగా బిగించినవా?’’ అని మాత్రం అడుగుతాడు. ‘‘ఎదురెదురే కాకా’’ అంటే తల ఊపుతాడు. ఆ తల ఊపడమే సర్టిఫికెట్టు.

లెక్క నిజాయితీగా వేస్తే, తొర్రూరులాంటి ఊళ్లో మెకానిక్ కూలీ కొన్ని వందలే. మంచి స్టాండ్లూ పానాలూ కొంటే తొలిసారి మిగిలేదేమీ ఉండదు. రెండోసారి నుంచే ఆదా. ప్యాడ్ల వరకైతే ఓపికున్నవాళ్లు చేసుకోవచ్చు. ఆయిల్ కారుతున్నా, పెడల్ మెత్తగా స్పాంజిలా అనిపించినా, పైపులో గాలి చేరినా సొంత వైద్యం పనికిరాదు. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరైంది. బటన్‌తో పనిచేసే హ్యాండ్‌బ్రేకు ఉంటే వెనక ప్యాడ్లకు కంప్యూటరు కూడా కావాలి. అక్కడ పానా పక్కనపెట్టి మెకానిక్‌ను పిలవడమే తెలివి.

ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు దూసుకెళ్తుంది. వేగం రెట్టింపైతే దాన్ని ఆపడానికి బ్రేకు నాలుగింతలు కష్టపడాలి.

సాయంత్రం బండి పాలకుర్తి రోడ్డు ఎక్కుతుంది. ముందు సీట్లో అమ్మ. ఎదురుగా వడ్ల కుప్ప, దాని పక్కన ఆడుకుంటూ ఓ పిల్లాడు. పెడల్ మీద కాలు పడుతుంది. బండి కుదుపు లేకుండా, కీచుమనకుండా ఆగుతుంది. ‘‘మంచిగనే చేసినవ్ బిడ్డా’’ అంటుంది అమ్మ. మిగిలిన డబ్బుల లెక్క అప్పుడు ఎవరికి గుర్తుంటుంది!