కిసో లోయ: ఆంక్ష వేసిన బాట

షోగున్ల (సైనిక పాలకుల) పాలనలో ఎడో నగరం, అంటే నేటి టోక్యో, నుంచి చక్రవర్తి ఉండే క్యోటోకు రెండు రాచబాటలుండేవి. సముద్రం పక్కగా సాగే తోకైదో మీద 53 మజిలీలు, కొండల నడుమ నుంచి వెళ్ళే నకసెందో మీద 69. సుమారు 530 కిలోమీటర్ల నకసెందోలో కిసో లోయది 11 మజిలీల వాటా. మజిలీకీ మజిలీకీ మధ్య దూరాన్ని మనిషి కాలికీ, బరువు మోసే గుర్రానికీ సరిపోయేలా నిర్ణయించారు కాబట్టి ఈ బాట ఒంటరి నడకకు నేటికీ అనువుగా ఉంది. కాలం ఆగిపోయిన చోటని ఈ లోయను పొగడడం రివాజు. ఆ పొగడ్త ఇక్కడి మనుషుల పాత్రను మింగేస్తుంది. చెట్టయినా, పళ్ళెమయినా, ఇల్లయినా ఇక్కడ మిగిలిందంటే, ఎవరో గీత గీసి దాటొద్దన్నందువల్లే. ఆ గీత గీసిందెవరు, నష్టం భరించిందెవరు అన్నది మాత్రం అన్నిచోట్లా ఒకటి కాదు. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచేవారికి ఆ తేడా క్రమంగా బోధపడుతుంది.

ఉత్తరపు కొస దగ్గర తగిలేది హిరసావా, లక్కపూత పనివాళ్ళ ఊరు. మన ఏటికొప్పాక బొమ్మల మీది లక్క పురుగు నుంచి వచ్చేది. ఇక్కడిది చెట్టు బెరడుకు గాటు పెట్టి తీసిన పాలు. అది గట్టిపడాలంటే ఎండ కాదు, గాలిలో తేమ కావాలి. అందుకే పూత వేసిన గిన్నెను చెమ్మ పట్టించిన చెక్క బీరువాలో పెడతారు. ఆరాక రుద్ది, మళ్ళీ పూస్తారు. షోగున్ల పాలన ముగిశాక వచ్చిన మెయిజీ కాలం మొదట్లో ఇక్కడే దొరికిన ఇనుము పాలు ఎక్కువున్న మట్టిని అడుగుపూతలో కలపడంతో సరుకు గట్టిదనం పెరిగి ఊరు నిలదొక్కుకుంది. పక్కనే ఉన్న నరాయ్ కిలోమీటరు పొడవున ఒకే వీధిగా సాగే ఊరు. పల్చటి చెక్కను వేడినీళ్ళలో నానబెట్టి గుండ్రంగా వంచి, అతుకును చెర్రీ చెట్టు బెరడుతో కుట్టి డబ్బాలు చేయడం అక్కడి పాత విద్య. ఆపైన దాదాపు 1,200 మీటర్ల ఎత్తున్న తోరీ కనుమ. దీనికి ఉత్తరాన పడిన వాన జపాన్ సముద్రానికీ, దక్షిణాన పడింది కిసో నది వెంట పసిఫిక్‌కూ పోతుంది. కనుమ దిగితే యబుహర. అక్కడ గట్టి కలపతో చేసే దువ్వెనకు సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పులో 100 దాకా పళ్ళుంటాయి. చుట్టూ అంత అడవి పెట్టుకుని ఈ ఊళ్ళు దూలాలూ దుంగలూ అమ్ముకోకుండా డబ్బాలూ దువ్వెనలూ చేసుకుని ఎందుకు బతికినట్టు?

జవాబు ఇంకా దక్షిణాన ఉంది. కిసో ఫుకుషిమలో (అణు ప్రమాదం జరిగిన ఫుకుషిమ వేరు) షోగున్ల కాలపు తనిఖీ ఠాణా ఉండేది. ఎడోలోకి తుపాకులు చొరబడకుండా, ఎడోలో పూచీగా ఉంచిన సామంతుల ఆడవాళ్ళు పారిపోకుండా చూడడం దాని పని. మనుషుల మీద ఉన్న ఈ నిఘానే చెట్ల మీదా ఉండేది. 17వ శతాబ్దం తొలినాళ్ళలో కోటలకూ నగరాలకూ కలప కొట్టీ కొట్టీ అడవి పలచబడింది. దాంతో లోయను ఏలిన ఒవారి సంస్థానం 1665లో కొన్ని కొండల్లో నరకడం నిషేధించింది. తర్వాత హినోకి (జపాన్ సైప్రస్) సహా ఐదు జాతుల చెట్లను ఊరివాళ్ళు ముట్టుకోకూడదంది. చెట్టు నరికితే తల పోతుందన్న మాట ఈ లోయలో సామెతయింది. ప్రతిగా సంస్థానం ఏటా కొంత కలపను ఊళ్ళకు కేటాయించేది. చేతికొచ్చేది కొంచెమే అయినప్పుడు దాన్నుంచి ఎక్కువ విలువ రాబట్టాలి. పల్చటి డబ్బా, సన్నపళ్ళ దువ్వెన, పూత మీద పూత వేసిన గిన్నె చేసేది ఆ పనే. అగెమత్సు దగ్గరి అకసావా అడవిలో 300 ఏళ్ళ హినోకి చెట్లు నిలవడానికీ ఆ నిషేధమే మూలం. 20 ఏళ్ళకోసారి కొత్తగా కట్టే ఇసే ఆలయానికి కలప ఎక్కువగా కిసో కొండల నుంచే వెళుతుంది. రాబోయే 2033 నిర్మాణానికి తొలి చెట్లను 2025లో అగెమత్సులోనే పూజ చేసి గొడ్డళ్ళతో నరికారు.

దక్షిణ కొస దగ్గరున్న త్సుమగోలో గీత గీసిన చేయి మారింది. 1911లో పూర్తయిన రైలుమార్గం ఈ ఊరిని తాకకుండా పోయింది. బాటసారులు లేక మజిలీ చితికింది, కుర్రాళ్ళు పట్నాల దారి పట్టారు. 1968లో ఇళ్ళ మరమ్మతు మొదలైంది. ఇళ్ళు అమ్మరాదు, అద్దెకివ్వరాదు, కూల్చరాదు అని 1971లో ఊరివాళ్ళే ఒప్పందం రాసుకున్నారు. కరెంటు స్తంభాలు వీధిలోంచి పోయాయి, పగటిపూట కార్లు ఆగిపోయాయి. ప్రభుత్వం 1976లో తొలిసారి ప్రకటించిన రక్షిత పాత వీధుల్లో త్సుమగో ఒకటి. ఇది పర్యాటకుల కోసం కట్టిన సెట్టింగు కాదా అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, ఇక్కడ చాలా గోడలు సరిచేసినవే, రాబడి యాత్రికులదే. అయితే మజిలీ ఊరు పుట్టిందే బాటసారి డబ్బు మీద. అతనికి అన్నం పెట్టి, పడక చూపి బతకడం దాని అసలు వృత్తి. బయటి పెట్టుబడికి తలుపు మూసి ఆ వృత్తిని నిలుపుకున్నవారిని నటులనడం అన్యాయం.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది: అడవి అందం పేరుతో పాత దొరల క్రౌర్యాన్ని వెనకేసుకు రావడం లేదా? దీనికి జవాబు త్సుమగో నుంచి 8 కిలోమీటర్లలో, దాదాపు 800 మీటర్ల కనుమకు ఆవల ఉన్న మగోమెలో దొరుకుతుంది. 1872లో ఇక్కడ పుట్టిన రచయిత షిమజాకి తోసోన్ ‘యోఆకే మాయె’ నవలలో తన తండ్రి బతుకునే కథ చేశాడు. దొరల పాలన పోయింది కదా, అడవిని ఊళ్ళకు తెరవమని ఆ తండ్రి కొత్త ప్రభుత్వానికి విన్నవించుకుని, పదవి పోగొట్టుకుని, చివరికి మతి చలించి 1886లో చనిపోయాడు. దొరల నిషేధం అడవిని కాపాడిందన్నది నిజం, ఆ ఖర్చంతా అడవి మీద ఆధారపడ్డవాళ్ళ తలమీద వేసిందన్నదీ అంతే నిజం. చెట్టు ఎంత పెరిగినా ఆ లెక్క చెల్లదు. త్సుమగో ఒప్పందంలో ఆంక్ష పెట్టినవాళ్ళూ, దాని నష్టం భరించేవాళ్ళూ ఒకరే. వారసత్వాన్ని కాపాడే పద్ధతుల్లో నేను సమర్థించగలిగింది ఆ రెండోదాన్నే.

యాత్రికుల్లో ఎక్కువమంది మగోమె–త్సుమగోల మధ్య ముక్కను మాత్రమే నడిచి వెనుదిరుగుతారు. మంటల్లో కాలి మళ్ళీ కట్టుకున్న మగోమె నుంచి, ఒప్పందంతో నిలిచిన త్సుమగో దాకా కళ్ళకు విందే. కానీ అంతమాత్రం చూస్తే ఈ ఒప్పందం గొప్పతనం తెలియదు, ఎందుకంటే దానికి ముందున్న నిషేధం కనిపించదు. ఒంటరిగా వెళ్ళేవారికి బృందం తొందర ఉండదు, లోయ పొడవునా రైలు తోడుంటుంది. హిరసావా బీరువాల దగ్గర మొదలుపెట్టి, అకసావాలో ఒక పూట ఆగి, త్సుమగోను ఆఖరున చేరడం మేలు. అప్పుడు ఆ వీధి పాత జపాన్ బొమ్మలా కాక, ఊరివాళ్ళు తమకు తామే విధించుకున్న నియమంలా అర్థమవుతుంది.