సూదిమొన నున్న శాస్త్రము

కుట్టుపని తీరికవేళ కాలక్షేపమని పలువురు తలంతురు. ఆ పనియే నేడు విద్యుచ్ఛాస్త్రమునకు ద్వారమగుచున్నది.

వెండిపూత గల నైలాను దారమును, సన్నని ఉక్కుపోగుల దారమును విద్యుత్తును ప్రసరింపజేయును. ఇందు మన జరీకిని పాలు కలదు. 1990 దశాబ్దమున అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు, పట్టుపోగుకు లోహపురేకు చుట్టి మన దేశమున నేయు పలుచని వస్త్రమునే విద్యుత్తీగెలకు మాఱుగా నుపయోగించిరి. లియా బ్యూక్లీ రూపొందింపగా 2007లో విక్రయమునకు వచ్చిన లిలీప్యాడ్ పలకను బొత్తామువలె గుడ్డకు కుట్టవచ్చును.

మేము మొదట సిద్ధాంతము చదివితిమి. బ్యాటరీనుండి వెడలిన విద్యుత్తు దీపముగుండ పోయి మరల బ్యాటరీని చేరవలయును. దారము నిడుపైనకొలది నిరోధము హెచ్చును. పిమ్మట, చీకటివేళ నడచు మా తల్లులకై, శాలువ యంచున మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీతో నొక యెఱ్ఱని చిన్నదీపము కుట్టితిమి. లోహపు టిచ్చుబొత్తామే మీట. దూరపు కుట్టున మందగించిన వెలుగు దారమును జంటపోగు చేయగా హెచ్చెను. చదివిన మాట యప్పుడు చేతికి తెలిసెను.

పోవు దారమును వచ్చు దారమును తాకరాదు. ముడికొసలు పొట్టిగా కత్తిరింపవలయును. ఉతుకుటకు ముందు బ్యాటరీ తీయవలయును. దానిని పసిబిడ్డలు మ్రింగినచో ప్రాణాపాయము, అందనిచోట దాచుడు.

బాలికకు కుట్టు నేర్పుదుమా, శాస్త్రము నేర్పుదుమా యను వాద మిక నేల? ఒక్క సూదితో రెండును నేర్పవచ్చును. ఆ సూది మన యింటనే యున్నది.