ఏటిగట్టు లెక్క

మా ఊరికీ గోదావరికీ నడుమ ఏటిగట్టు ఉంది. ఊరివైపు నుండి ఎక్కితే గట్టు మీద బాట, అవతలికి దిగితే రేవు, రేవులో పంటు. మా నాన్నగారు బట్టల మూటను సైకిలు వెనుక కట్టుకుని, ఆ పంటు మీద అవతలి ఒడ్డు ఊళ్ళకు వెళ్ళి, తిరిగి అమ్ముకుని, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేవారు. బడి లేని రోజుల్లో నన్ను కూడా సైకిలు ముందు గొట్టం మీద కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళేవారు.

గట్టు ఎక్కేటప్పుడు ఆయన దిగి సైకిలు నెట్టేవారు. నేను దిగేవాణ్ణి కాను. దిగమని ఆయన అనలేదు, దిగనా అని నేను అడగలేదు. పైకి చేరాక ఒక్క క్షణం ఆగి, కండువాతో ముఖం తుడుచుకుని, ఎక్కి కూర్చుని, "గట్టిగా పట్టుకోరా" అనేవారు. ఇక తొక్కే పని లేదు. గాలి చెవుల్లో హోరెత్తుతుండగా రేవు మా మీదికి పరుగెత్తుకు వచ్చేది. చాలా ఏళ్ళపాటు గట్టు అంటే నాకు దిగడమే. ఎక్కడం అనేది ఒకటుందని గుర్తుకే వచ్చేది కాదు.

తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు నల్లబల్ల మీద అట్లతద్ది ఉయ్యాల బొమ్మ గీసి, ఉయ్యాల రెండు కొసల వద్ద ఉన్నది స్థితిజ శక్తి, నట్టనడుమ కిందుగా దూసుకుపోయేటప్పుడు ఉన్నది గతిజ శక్తి అని చెప్పారు. ఎత్తు తగ్గినకొద్దీ వేగం పెరుగుతుంది, ఎత్తు పెరిగినకొద్దీ వేగం తగ్గుతుంది, మొత్తం మాత్రం మారదు అన్నారు. ఈ స్థితిజ శక్తికి ఆంగ్లంలో పేరు పెట్టినవాడు స్కాట్లండుకు చెందిన విలియం రాంకిన్ అనీ, అది 1853లో జరిగిందనీ తరువాత ఎప్పుడో చదివాను. ఆనాడు తరగతిలో నాకు తోచింది ఒక్కటే. మాస్టారు చెబుతున్నది మా గట్టు గురించే!

లెక్కలంటే గిట్టనివారు వచ్చే రెండు పేరాలూ దాటవేయవచ్చు. దాటవేయకపోతే సంతోషిస్తాను.

గట్టు 5 మీటర్ల ఎత్తు అనుకుందాం. నాన్నగారు 60 కిలోలు, మూట 30, సైకిలు 20, నేను 20, వెరసి 130 కిలోలు. దీనిని భూమ్యాకర్షణ త్వరణం 9.8తోనూ ఎత్తు 5తోనూ గుణిస్తే 6,370 జౌళ్ళు. ఆయన నెట్టి నెట్టి గట్టు మీద దాచిపెట్టిన ధనం అది. దిగేటప్పుడు అదంతా వేగంగా మారితే గంటకు సుమారు 36 కిలోమీటర్ల వేగం రావాలి. విచిత్రమేమంటే ఈ వేగానికి బరువుతో నిమిత్తం లేదు. మూట ఉన్నా లేకపోయినా, నేను ఉన్నా లేకపోయినా, గాలినీ రాపిడినీ పక్కన పెడితే, వచ్చే వేగం ఒక్కటే. ఎక్కడానికి మాత్రం నా 20 కిలోలకూ ఆయన వేరుగా చెల్లించవలసిందే.

నిజానికి మేము అంత వేగంగా ఎన్నడూ దిగలేదు. నాన్నగారు బ్రేకు పట్టి దింపేవారు. వేగం సగమైతే గతిజ శక్తి నాలుగో వంతే అవుతుంది. తక్కిన మూడు వంతులూ ఏమైనట్టు? రేవులో ఆగాక బ్రేకు రబ్బరును వేలితో తాకితే వెచ్చగా ఉండేది. 1840లలో జేమ్స్ జౌల్ కిందికి జారే బరువులతో నీటిలో తెడ్లు తిప్పించి, నీరు వెచ్చబడటాన్ని కొలిచి చూపినది ఈ సంగతినే. పోయిందనుకున్న శక్తి పోలేదు, వేడిగా మారింది.

ఇంతవరకు బాగానే ఉంది. ఇకముందు చెప్పేది ఇన్నేళ్ళుగా నేను ఎవరికీ చెప్పనిది.

పదో తరగతిలో ఉండగా ఒకనాటి సాయంత్రం నాన్నగారు బాగా ఆలస్యంగా వచ్చారు. సైకిలు చక్రం దెబ్బతింటే అవతలి ఒడ్డునే ఎవరింట్లోనో వదిలి, మూట నెత్తిన పెట్టుకుని 3 కిలోమీటర్లు నడిచి పంటు అందుకున్నారట. అరుగు మీద కూలబడి, మెడ రుద్దుకుంటూ, "ఇవాళ పని ఎక్కువైందిరా" అన్నారు. ఆ వారమే మాకు 'పని' పాఠం అయింది. బలం పైకి, కదలిక అడ్డానికి ఉంటే జరిగిన పని శూన్యం. నేను పుస్తకంలోంచి తలెత్తి, "చదును నేల మీద మూట మోస్తే భౌతికశాస్త్రం ప్రకారం పని సున్నా నాన్నా" అన్నాను. అమ్మ కూడా వింటోంది. నా చదువు చూసి మురిసిపోతారనుకున్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, "అలాగా? మరి మెడ ఎందుకు నొప్పెడుతోందిరా?" అన్నారు. వెటకారం కాదు, కోపమూ కాదు. చదువుకున్న కొడుకును నిజంగానే అడిగారు. నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవడానికి బదులు నవ్వేశాను. ఆయన లేచి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు.

జవాబులో సగం కొన్నేళ్ళకు దొరికింది. కండరం బరువును కదలకుండా పట్టి ఉంచినా, దానిలోని తంతువులు క్షణక్షణమూ పట్టు బిగిస్తూ, సడలిస్తూ, తిన్న తిండిని కరిగిస్తూనే ఉంటాయి. అదంతా వేడిగా పోతుంది. గోడకు కొట్టిన మేకు తిండి లేకుండా బరువు మోయగలదు, మనిషి మెడ మోయలేదు.

మిగిలిన సగం మరింత ఆలస్యంగా తెలిసింది. అది నా 'సున్నా'నే తప్పని తేల్చింది. నేల చదునుగానే ఉంటుంది, నడక చదునుగా ఉండదు. ఒంటికాలి మీద నిటారుగా ఉన్న క్షణంలో దేహం ఎత్తుగా, కాస్త నెమ్మదిగా ఉంటుంది. రెండు పాదాలూ నేలను తాకినప్పుడు దిగువగా, వేగంగా ఉంటుంది. అంటే ప్రతి అడుగూ ఒక చిన్న గట్టు. ఎక్కి దిగడంలో స్థితిజ శక్తి గతిజమవుతుంది, గతిజం మళ్ళీ స్థితిజమవుతుంది. తలకిందులైన ఉయ్యాల అన్నమాట. అయితే ఈ మారకంలో తిరిగి దక్కేది మహా అయితే మూడింట రెండు వంతులు. మిగతా వంతును ప్రతి అడుగులోనూ కండరాలే పూడ్చాలి.

కెన్యాలో కికూయూ, లువో స్త్రీలు తమ బరువులో అయిదో వంతు వరకు మోసినా అదనపు శక్తి ఖర్చు కాదని 1986లో పరిశోధకులు ప్రకటించారు. బరువు ఎత్తుకున్నాక వారి నడకలో ఈ మారకం మరింత పొదుపుగా సాగుతుందని 1995లో తేలింది. అయిదో వంతు దాటితే వారికీ ఖర్చు పెరుగుతుంది. నాన్నగారి మూట ఆయన బరువులో సగం.

ఒక రాత్రి కాగితం తీసుకుని ఆనాటి లెక్క మళ్ళీ వేశాను. 3 కిలోమీటర్లు అంటే సుమారు 4,300 అడుగులు. అడుగడుగునా 90 కిలోలు 4 సెంటీమీటర్లు పైకి లేచాయనుకుంటే అడుగుకు 35 జౌళ్ళు, మొత్తం లక్షన్నర. మూడింట రెండు వంతులు తిరిగి దక్కాయనుకున్నా యాభైవేల జౌళ్ళు ఆయన కండరాలు పెట్టుకోవలసిందే. ఉజ్జాయింపు లెక్కే అయినా, నెత్తిన మూటతో మా ఏటిగట్టును పదకొండుసార్లు ఎక్కినంత పని అది.

సున్నా కాదు. పదకొండు గట్లు.

ఈ లెక్క తేలేనాటికి ప్రశ్న వేసినవారు లేరు. ఉండి ఉంటే చెప్పేవాణ్ణా అని అడిగితే, చెప్పేవాణ్ణనే అనుకుంటాను. విని ఆయన మళ్ళీ "అలాగా?" అనేవారు. ఆ పైన ఇంకో ప్రశ్న కూడా అడిగి ఉండేవారేమో.

ఆమధ్య ఊరికి వెళ్ళినప్పుడు గట్టు నడిచే ఎక్కాను. నెత్తిన మూట లేదు, నెట్టడానికి సైకిలు లేదు, గొట్టం మీద పిల్లవాడూ లేడు. పైకి చేరాక, ఆయన ఆగే చోటనే ఆగాను. ముఖం తుడుచుకోవడానికి ఆగేవారని అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. ఊపిరి అందడానికట.